పడ్డ మనిషిని లాగకండి, అడగండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తే చాలు, మీ ఆరోగ్యం పేజీలో జారి పడకుండా ఉండడం ఎలాగో ఏదో ఒక రూపంలో వస్తుంది. చెప్పుల అడుగు అరిగిందా చూసుకోమని, బాత్‌రూములో లైటు వేసుకోమని. మంచిదే. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లకు మాత్రం అందులో ఒక్క ముక్కా దొరకదు. వాళ్లూ పడతారు. రోజూ బయటికెళ్లి పని చేసుకునేవాళ్లయితే ఏదో ఒక రోజు పడక తప్పదు. పడకూడదని చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. పడుతున్నప్పుడు చేతులు ఎక్కడుండాలి, పడ్డాక ఎలా లేవాలి, చుట్టూ మూగినవాళ్లు ఏం చేయకూడదు అన్నవి చెప్పేవాళ్లే కరువు. కుర్చీ నడపడం నేర్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడుగైంది. కత్తిరించక తప్పదనుకుంటే చివర రోడ్ల గురించి రాసిన పేరా తీసేయండి, లేపడం గురించి రాసింది మాత్రం ఉంచండి.

మన ఊళ్లలో రోడ్డు మీద కుర్చీ బోల్తా పడితే అర నిమిషంలో పదిమంది పోగవుతారు. సాయం చేసే గుణానికి లోటు లేదు, చిక్కంతా అందులోనే ఉంది. ఒకాయన రెండు చేతులూ పట్టుకుని పైకి గుంజుతాడు. ఇంకొకాయన నడుం పట్టుకుంటాడు. మూడో ఆయన కుర్చీని నిలబెట్టి, బ్రేకు వేయకుండానే దగ్గరికి తోస్తాడు. ఎవరో సోడా తెమ్మని కేకేస్తారు. పడ్డ మనిషి 'ఆగండి, ఆగండి' అంటున్నా ఆ గోలలో ఎవరికీ వినపడదు. నడుం కింద చచ్చుబడినవాళ్లకు భుజాలే కాళ్లు. ఆ చేతులు పట్టి గుంజితే భుజం కీలు దెబ్బతింటుంది. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి అయితే మరీ సులువుగా జారుతుంది, ఆ కీలు అప్పటికే వదులై ఉంటుంది కనుక. కాళ్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతే మడమల దగ్గర, పిరుదుల మీద చర్మం లేచిపోతుంది. స్పర్శ లేదు కాబట్టి ఇంటికెళ్లి ప్యాంటు విప్పేదాకా ఆ సంగతే తెలియదు. పడటంలో తగలని దెబ్బ లేపడంలో తగలడం మాకు కొత్త కాదు.

ఇంతకీ కుర్చీ ఎందుకు బోల్తా పడుతుంది? వెనక పెద్ద చక్రాలు సాధారణంగా 24 అంగుళాలవి, ముందువి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలవి. ముందుకు పడటం చాలావరకు ఈ చిన్న చక్రాల దగ్గరే మొదలవుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల గడప తగిలినా చిన్న చక్రం టక్కున ఆగిపోతుంది. కుర్చీ ఆగుతుంది, మనిషి ఆగడు. కాలువ మీద పరిచిన నాపరాళ్ల మధ్య సందు, ఇనుప జాలీ, సిమెంటు రోడ్డు పలకల మధ్య తారు లేచిపోయి మిగిలిన గాడి, అన్నీ ఈ కోవలోవే. సన్నటి సందునైతే ఏటవాలుగా కాకుండా రెండు చిన్న చక్రాలూ ఒకేసారి దాటేలా తిన్నగా దాటాలి. సందు వెడల్పుగా ఉంటే కుర్చీ తిప్పుకుని వెనక్కి నడుపుతూ పెద్ద చక్రాలతో ముందు దాటాలి. రాత్రిపూట తెలియని రోడ్డు మీద వేగంగా పోవడం కన్నా, కాస్త వెనక్కి ఆనుకుని, ముందు చక్రాల మీద బరువు తగ్గించి నెమ్మదిగా పోవడం మేలు.

ముందుకు పడటానికి ఇంకో కారణం ఎవరికీ తట్టదు. కాలు. కుదుపుకు పాదం ఫుట్‌రెస్టు మీంచి వెనక్కి జారి కిందకు దిగుతుంది, నేలకు తగులుకుని చిన్న చక్రం దారిలోకి మడత పడుతుంది. మనిషి కుర్చీ ముందు తేలతాడు, పాదం మెలిపడి చీలమండ దెబ్బతింటుంది. దీనికి మందు చవకది. రెండు ఫుట్‌రెస్టు పైపుల మధ్య, పిక్కల వెనకగా, నాలుగు వేళ్ల వెడల్పు నాడా పట్టీ. టైలరు దగ్గర రెండు కొసలకూ వెల్‌క్రో కుట్టిస్తే సరిపోతుంది. కొత్త కుర్చీతో వచ్చిన పట్టీని అడ్డంగా ఉందని తీసి అటక మీద పడేసినవాళ్లు వెంటనే దింపుకోవాలి.

వెనక్కి పడటం వేరే కథ. వెనక పిడులకు తగిలించిన సంచి, అందులో లాప్‌టాపు, నీళ్ల సీసా, టిఫిను డబ్బా, అన్నీ కలిపి నాలుగైదు కిలోలు. చదునైన నేల మీద ఏమీ కాదు. ఏటవాలు ఎక్కుతూ చక్రాన్ని ఒక్క తోపు గట్టిగా తోశారో, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. బరువు సంచి సీటు కిందో ఒళ్లోనో ఉండాలి. ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంచి, చిన్న చిన్న తోపులతో పోవాలి.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు వల్ల కాలు తీసేసినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లో కనిపిస్తారు. వాళ్లకు అందరికీ ఇచ్చే మామూలు కుర్చీయే ఇచ్చి ఇంటికి పంపిస్తారు. కాలి బరువు పోయాక శరీరం బరువంతా వెనక్కి జరుగుతుంది, మోకాలి పైకి తీసేసిన వాళ్లకు మరీను. రెండు కాళ్లూ పోతే మామూలు కుర్చీ మొదటి ర్యాంపు మీదే వెల్లకిలా పడుతుంది. అలాంటివాళ్లకు పెద్ద చక్రాన్ని రెండంగుళాల మేర వెనక్కి జరిపే బిగింపు ఉంటుంది. అది దొరకకపోతే కనీసం యాంటీ టిప్పర్లు ఉండాలి, అంటే వెనక పైపులకు తగిలించే రెండు చిన్న బుల్లి చక్రాలు. ఇవి ఉంటే మెట్టు ఎక్కించేటప్పుడు కుర్చీని వెనక్కి వంచలేం కాబట్టి వాటిని పైకి తిప్పుతారు. మెట్టు ఎక్కాక కిందికి తిప్పడం మరిచిపోతారు. పడేది అప్పుడే. పైకి తిప్పిన చేయే కిందికి తిప్పాలని తోసేవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

ర్యాంపు లెక్క అందరికీ తెలియాలి. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్లు. మన ఇళ్ల అరుగు 45 సెంటీమీటర్లు ఉంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు కావాలి. చాలా ఇళ్ల ముందున్నది బండి ఎక్కించుకోవడానికి రెండు మీటర్లలో ముగించిన వాలు. అది కుర్చీకి జారుడుబల్ల. పైగా నున్నటి గ్రానైటు వేయిస్తారు, వాన చుక్క పడితే చెప్పనక్కర్లేదు. అలాంటి చోట దిగాల్సి వస్తే తోసేవాళ్లు కుర్చీని వెనక్కి తిప్పి, తాము కింద ఉండి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ దింపాలి. కుర్చీలో మనిషి ముఖం పైకి ఉంటుంది, బరువు వీపు మీద ఆనుతుంది, జారిపోడు.

రోడ్డు మీద పడటం పదిమంది చూస్తారు కాబట్టి అదే పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్కువసార్లు పడేది ఇంట్లోనే, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి మారేటప్పుడు. బ్రేకు వేశాను కదా అంటారు. బ్రేకు వేశారు, చక్రంలో గాలి లేదు. కుర్చీ బ్రేకు అంటే టైరును నొక్కి పట్టే ఇనుప ముక్క మాత్రమే. టైరు మెత్తబడితే అది దేన్ని నొక్కుతుంది? గట్టి రబ్బరు టైర్లయినా అరిగేకొద్దీ బ్రేకుకు, టైరుకు మధ్య ఖాళీ పెరుగుతుంది. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కుర్చీ ఖాళీగా ఉండగా రెండు బ్రేకులూ వేసి పొడి నేల మీద వెనక నుంచి తోయండి. చక్రం తిరిగితే బ్రేకు పనిచేయడం లేదు. బ్రేకును పైపుకు పట్టించిన బిగింపుకు ఒకటో రెండో బోల్టులుంటాయి. వాటిని వదులు చేసి, బ్రేకును కొద్ది మిల్లీమీటర్లు చక్రం వైపు జరిపి బిగించండి. బ్రేకు వేసినప్పుడు టైరు రబ్బరు మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకోవాలి. గాలి కొట్టించాక మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకంటే మెత్తటి టైరుకు సరిచేసిన బ్రేకు గట్టి టైరు మీద పడకపోవచ్చు. ఇది నిలిపి ఉంచడానికి మాత్రమే పనికొచ్చే బ్రేకు. వాలులో దిగుతూ వేస్తే ఒక చక్రం ఆగి, ఇంకోటి తిరిగి, కుర్చీ పక్కకు పడేస్తుంది.

దించిన ఫుట్‌రెస్టు మీద కాలు మోపి లేవబోతే కుర్చీ మొత్తం ముందుకు తిరగబడుతుంది. లేచే ముందు వాటిని పైకి మడిచేయాలి, అంతే.

బాత్‌రూము సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్నానం చేసేవాళ్లు చాలామంది. తడి టైల్స్ మీద, సబ్బు నురగలో, దాని కాళ్లు వెడల్పుగా విడిపోతాయి. ఎండకు ఏడాది పాటు డాబా మీద ఉన్న కుర్చీ అయితే పెళుసెక్కి విరుగుతుంది. కాళ్లకు రబ్బరు బుష్షులున్న స్నానపు స్టూలు కొనుక్కోండి, ఆ బుష్షుల అడుగు నున్నగా అరిగితే మార్చండి. దీపావళి తలంటు, ఆదివారం నూనె స్నానం రోజుల్లో జాగ్రత్త మరింత కావాలి. చేతికి నూనె ఉండగా ఊతకమ్మీ పట్టుకోవడం ఒకటి, సీటు మీద నూనె కారడం ఇంకోటి. నూనె పెట్టుకోవడం మంచం మీద కానివ్వండి, అరచేతులు సున్నిపిండితో తుడుచుకుని అప్పుడు లోపలికి వెళ్లండి. మన బాత్‌రూము తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. మనిషి లోపల పడితే ఆ ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది, బయటివాళ్లు తోయలేరు. వడ్రంగి చేత బయటికి తెరుచుకునేలా బిగించుకోండి, లేదా తలుపు తీసేసి పరదా వేసుకోండి. గడియ మాత్రం పెట్టకండి. ఫోను సింకు పక్కన పెడితే నేల మీంచి అందదు, మెడలో తాడుకు ఉండాలి. వైరు లేని కాలింగ్ బెల్లు బటన్‌ను నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో గోడకు అంటించి పెడితే పడ్డవాళ్ల చేతికి అందుతుంది.

ఇక పడుతున్న ఆ ఒక్క క్షణం. వెనక్కి పడుతున్నామని తెలియగానే గడ్డం ఛాతీకి ఆనించాలి. తల వెనక భాగం నేలకు కొట్టుకోకుండా కాపాడేది అదొక్కటే. చేతులు వెనక్కి చాపాలనిపిస్తుంది, చాపకూడదు, మణికట్టు విరుగుతుంది. ఒక చెయ్యి రెండు మోకాళ్ల మీద అడ్డంగా వేసుకోవాలి. లేకపోతే పడ్డ మరుక్షణం మోకాళ్లు వచ్చి ముఖానికి తగులుతాయి, పెదవి చిట్లేది, కళ్లజోడు పగిలేది అందుకే. రెండో చేత్తో కుర్చీనే పట్టుకోవాలి. ముందుకు పడితే ముఖం పక్కకు తిప్పి, మోచేతులు కాస్త వంచి చేతులు ముందుకు పెట్టాలి. బిగదీసిన చెయ్యి భుజం దాకా దెబ్బ మోసుకుపోతుంది. ఇవి చదివితే రావు. వెనక ఒకరు పిడులు పట్టుకుని ఉండగా, కింద పరుపు వేసి, పదిసార్లు చేస్తేనే ఒంటికి గుర్తుంటాయి.

పడకుండా కట్టేద్దామని కొందరు తువ్వాలుతోనో చున్నీతోనో పొట్ట దగ్గర బిగిస్తారు. మనిషి సీటు మీద కిందికి జారినప్పుడు ఆ ముడి ఛాతీ మీదికి, అక్కణ్నుంచి మెడకు వస్తుంది. కట్టదలిస్తే సరైన బెల్టు కొని, తుంటి ఎముకల మీదుగా కిందగా కట్టాలి. బక్కిల్ ఒక్క నొక్కుతో ఊడిరావాలి.

పడ్డాక మొదటి రెండు నిమిషాలు కదలకండి. తలకు తగిలిందా, మెడ నొప్పిగా ఉందా, ముందులేని తిమ్మిరి చేతుల్లోకి వచ్చిందా, కాసేపు స్పృహ తప్పిందా, వాంతి వచ్చిందా? ఇందులో ఏది ఉన్నా లేపే ప్రయత్నమే వద్దు, తలను కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లు తలకు తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే కాళ్లు చూసుకోండి. పాదం వంకరగా తిరిగి ఉందా, మోకాలు ఒళ్లు కింద నలుగుతోందా చూసుకుని చేత్తో సరిచేసుకోవాలి. యూరిన్ బ్యాగు గొట్టం లాక్కుపోయిందేమో చూడాలి. పడ్డ కుదుపుకు కాళ్లు బిగుసుకుని కొట్టుకుంటాయి, అవి వదిలేదాకా ఆగాలి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డయితే ఈ ఆగడం కుదరదు. స్పర్శ లేని చర్మం నిమిషాల్లో బొబ్బలెక్కుతుంది. ఎవరిదైనా తువ్వాలు, ఆటోలో కాళ్ల కింద పట్టా, కుర్చీ కుషను, ఏది అందితే అది ఒంటి కిందికి జరపమని అడగండి. బోల్తా పడిన బండి సైలెన్సరు పక్కన కాలు ఉండిపోతే కూడా అంతే.

ఒంటరిగా లేవడం చేతుల్లో బలం ఉన్నవాళ్లకు వస్తుంది. కుర్చీని నిలబెట్టి, ఒకసారి కాస్త ముందుకు నడిపి వెనక్కి లాగితే చిన్న చక్రాలు ముందుకు తిరుగుతాయి. అప్పుడు ముందు అంచు మీద బరువు వేసినా తిరగబడదు. బ్రేకులు వేసి, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పాలి. సీటు సాధారణంగా 50 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒకేసారి అంత ఎత్తు లేవడం చాలామందికి కుదరదు, మెట్లు చేసుకోవాలి. మొదటి మెట్టు కుషను వేసిన వంటింటి పీట. రెండోది 25, 30 సెంటీమీటర్ల గట్టి స్టూలు. మూడోది కుర్చీ. మోకాళ్లు పైకి ముడుచుకుని, పీటకు పక్కగా కూర్చోవాలి. మోకాళ్లు విడిపోతుంటే బెల్టుతో కలిపి కట్టుకోవచ్చు. ఒక చెయ్యి పీట మీద, రెండో అరచెయ్యి తుంటి పక్కన నేల మీద. ఇప్పుడు అసలు కిటుకు: తలను పీటకు ఎదురు దిక్కుగా, కిందికి వంచాలి. తల కిందికి పోతే నడుం పైకి లేస్తుంది, త్రాసు సిబ్బెల్లాగ. చాలామంది తల ఎత్తి పీట వైపే చూస్తూ లేవబోతారు, అందుకే లేవలేరు. ఒక్కో మెట్టుకు ఊపిరి తీసుకోండి. మూడుసార్లు ప్రయత్నించి రాకపోతే ఆపేయండి, భుజం పోగొట్టుకోవద్దు. సాయం వచ్చేదాకా దిండో దుప్పటో కిందికి లాక్కుని, పది పదిహేను నిమిషాలకోసారి పక్కకు ఒరుగుతూ ఉండాలి. గట్టి నేల మీద కదలకుండా గంట కూర్చుంటే పుండుకు అదే మొదలు.

సాయం చేసేవాళ్లున్నప్పుడు చెప్పేది ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరు పడ్డ మనిషే. వెనక్కి పడి ఇంకా కుర్చీలోనే ఉంటే మనిషిని బయటికి తీయనక్కర్లేదు, కుర్చీతో సహా లేపడమే సులువు. కాళ్లు సీటు మీద సరిగా పెట్టి, ఇద్దరు చెరో పిడి దగ్గర మోకాళ్లు వంచి కూర్చుని, మూడో మనిషి ముందు వైపు ఫ్రేము పైపు పట్టుకుని ఉండగా, ఒకటి రెండు మూడు అని లేపాలి. ఎక్కడ పట్టుకుంటున్నారన్నది ముఖ్యం. పిడి చివర రబ్బరు తొడుగు అరిగితే ఊడి చేతికొస్తుంది, పైపునే పట్టుకోవాలి. చేతులు ఆనించుకునే హ్యాండ్‌రెస్టులు, ఫుట్‌రెస్టులు చాలా కుర్చీలకు ఊడదీసే రకం. వాటిని పట్టి లేపితే సగం ఎత్తులో అవి చేతిలోనూ, మనిషి నేల మీదా ఉంటారు.

మనిషి కుర్చీకి దూరంగా పడితే ఇద్దరు కావాలి. బలమైనవాళ్లు వెనక. పడ్డ మనిషి తన చేతులు ఛాతీ మీద కట్టుకుంటే, వెనకున్నవాళ్లు చంకల కింది నుంచి చేతులు పోనిచ్చి ఆ ముంజేతులనే గట్టిగా పట్టుకోవాలి. రెండోవాళ్లు ఒక చెయ్యి తొడల కింద, ఒక చెయ్యి పిక్కల కింద పెట్టాలి. కుర్చీ పక్కనే బ్రేకుతో, ఆ వైపు హ్యాండ్‌రెస్టు తీసి ఉండాలి. ఈడ్చడం లేదు, ఎత్తి మాత్రమే పెట్టాలి. మనిషి భారీగా ఉండి ఎత్తలేకపోతే కుర్చీనే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దుప్పటి మీద మనిషిని జరిపి, పిరుదులు సీటు మూలలోకి, పిక్కలు సీటు అంచు మీదికి వచ్చేలా పెట్టి, అప్పుడు కుర్చీని లేపండి. చూడటానికి వింతగా ఉంటుంది కానీ అన్నింటికన్నా తక్కువ బలంతో అయ్యే పని. బ్యాటరీ కుర్చీ అయితే ముందు స్విచ్ ఆపాలి. జాయ్‌స్టిక్ ఎవరి మోచెయ్యో తగిలి కుర్చీ కదిలిందంటే లేపుతున్నవాళ్ల కాళ్ల మీదికే వస్తుంది.

'నొప్పి లేదు, ఏమీ కాలేదు' అన్న మాట వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల విషయంలో నమ్మకూడదు. ఏళ్ల తరబడి బరువు మోయని కాళ్ల ఎముకలు గుల్లబారి ఉంటాయి. సీటు ఎత్తు నుంచి పడినా మోకాలికి కాస్త పైనో కాస్త కిందో విరుగుతుంది. నొప్పి తెలియదు. మరుసటి రోజుకు మోకాలు వాచి వేడిగా ఉండటం, కాళ్ల బిగుతు ఎప్పటికన్నా పెరగడం, కారణం లేకుండా జ్వరం, ఇవే గుర్తులు. వాచిన కాలికి నూనె పెట్టి తోమకండి. లోపల ఎముక విరిగి ఉండొచ్చు, నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా, స్పర్శ లేని కాలికి గట్టిగా వేస్తే కట్టు కిందే పుండు పడుతుంది, మనిషికి తెలియదు. దూది మందంగా పెట్టమని, మడమ చూసేలా వీలుంచమని అడిగి వేయించుకోండి. ఆ రాత్రే ఫోను కెమెరాతో పిరుదులు, నడుం కింది ఎముక, మడమలు ఫొటో తీసి చూసుకోవాలి. ఎర్రబడిన చోట ఒత్తిడి తీసేసిన అరగంటకూ ఎరుపు పోకపోతే ఆ చోటు మీద కూర్చోవడం ఆపాలి.

ఛాతీ దగ్గర ఆరో వెన్నుపూస, ఆపైన దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది, డ్యూటీ డాక్టర్లకు కూడా ఒక్కోసారి తట్టదు. కింద ఎక్కడో ఎముక విరిగినా, గొట్టం మడతపడి మూత్రాశయం నిండినా, ఆ నొప్పి మెదడుకు చేరదు కానీ బీపీని అమాంతం పెంచేస్తుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమటలు. అందరూ చేసేది పడుకోబెట్టడం. చేయాల్సింది అందుకు విరుద్ధం: మెడకు, వెన్నుకు కొత్త దెబ్బ లేదని తేలితే కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బెల్టు, సాక్సు, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మడత ఉందా చూడాలి. వెంటనే 108. వీళ్లకు మామూలు రోజుల్లో పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. 140 చూసి 'కొంచెం ఎక్కువుంది, అంతే' అని పంపించేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తమ మామూలు బీపీ ఎంతో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవాలి.

మనిషిని చూశాక కుర్చీని కూడా చూడాలి. మూడు మీటర్ల చదును నేల మీద ఖాళీ కుర్చీని ఒక్క తోపు తోసి వదలండి. ఒక పక్కకే లాగుతుంటే చిన్న చక్రం ఫోర్కు వంగింది. కుర్చీని మడిచి, సీటు కింద అడ్డంగా కలిసే రెండు పైపుల దగ్గర అతుకులో చీలిక వచ్చిందేమో చూడండి, వస్తే వెల్డింగు దాకా ఎక్కవద్దు. టైరు మార్చాల్సి వస్తే ఒక చిక్కుంది. మన కుర్చీల 24 అంగుళాల టైరు మీద చాలావాటికి 37-540 అని అచ్చు ఉంటుంది. సైకిల్ షాపులో 24 అంగుళాలంటే పిల్లల గేరు సైకిల్ టైరు ఇస్తారు, అది 507. రిమ్ము కొలతే వేరు, పట్టదు. అంగుళాలు చెప్పకుండా మీ పాత టైరు మీదున్న ఆ మూడంకెల సంఖ్య చెప్పి అడగండి.

రోడ్ల మాట. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఒకటికి పన్నెండు ర్యాంపు, చక్రం దిగబడని జాలీలు, అన్నీ ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్నాయి. వాటిని సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి ప్రమాణాలు చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. జాలీ కమ్మీలు నడిచే దిక్కుకు అడ్డంగా ఉండేలా తిప్పి బిగించడానికి మున్సిపాలిటీకి కొత్త నిధులేమీ అక్కర్లేదు. ఉన్న జాలీనే తిప్పాలి.

కుర్చీలు పంచే శిబిరాల వాళ్లకు ఒక విన్నపం. ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, వేదిక మీద ఫొటోలు దిగి కుర్చీ అప్పగించి పంపేస్తారు. అదే వేదిక పక్కన ఒక పరుపు వేసి, ఒక్కొక్కరికి అరగంట, పడటం, లేవడం నేర్పించి పంపండి. వెల్లూరు సీఎంసీ పునరావాస కేంద్రంలాంటి చోట నేల నుంచి కుర్చీలోకి ఎక్కడం శిక్షణలో భాగమే. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, తర్వాత కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ వేసిన దారి అది. మన చిత్తూరు నుంచి అక్కడికి వెళ్లి నేర్చుకుని వస్తున్నవాళ్లున్నారు. ప్రతి ఒక్కరూ వెల్లూరు వెళ్లలేరు కదా.

మీకు వీలైతే ఈ కింది నాలుగు మాటలు చిన్న పెట్టెలో అచ్చు వేయండి. కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, కుర్చీ వెనక అందరికీ కనిపించేలా తగిలించుకుంటారు:

'నేను పడిపోయి ఉంటే ముందు నన్ను అడగండి. చేతులు పట్టి లాగకండి, నేల మీద ఈడ్చకండి. కుర్చీని నిలబెట్టి రెండు బ్రేకులూ వేయండి. నాకు కాళ్లలో స్పర్శ లేదు, ఎండలో ఉంటే కింద ఏదైనా పరవండి. నా మామూలు బీపీ ......... ఇంటి ఫోను .........'

ఇట్లు,
చక్రాల కుర్చీ వాడేవారికి శిక్షణనిచ్చే ఫిజియోథెరపిస్టులు,
గుంటూరు